సంతకానికి ముందు: సోలార్ ప్లాంటు మీద మన ఊరి ప్రశ్నలు

(దేవరకొండ డివిజన్‌లోని ఒక గ్రామంలో, ప్రైమరీ స్కూల్ ఆవరణలో జరిగిన సభలో విద్యుత్ శాఖ రిటైర్డ్ ఇంజినీర్ ఒకరు చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు, తండా నుంచి నడిచొచ్చిన అందరికీ నమస్కారం. పత్తి తీతల రోజులు. పొద్దంతా చేనులో వంగి వంగి పని చేసి, ఇంటికిపోయి కాళ్లు కడుక్కుని ఇక్కడికొచ్చారు. అందుకే నేరుగా సంగతికే వస్తాను.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో 33 ఏళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం సబ్‌స్టేషన్లలోనే గడిచింది. ఇప్పుడు రిటైరై మా ఊళ్లోనే ఉంటున్నాను. కంపెనీతో నాకే సంబంధమూ లేదు. ప్లాంటు వద్దనే వాళ్లు కూడా నన్ను పంపలేదు. మీ యువజన సంఘం పిల్లలు పిలిస్తే వచ్చాను.

మీ ఊరి పడమటి చెలకల్లో 250 ఎకరాలు తీసుకుని 50 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెడతామని ఒక కంపెనీ తిరుగుతోంది. ఈ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మీ అనుమానాలన్నీ చీటీల మీద రాసుకొచ్చారు. నిన్న రాత్రి వాటిని ముందేసుకుని కుప్పలు పెట్టాను. అన్నింటికన్నా పెద్ద కుప్ప వానది, ఎండది. అద్దాలు పెడితే వానలు పడవంట కదా, ఊరంతా కాగిపోతుందంట కదా అని. తర్వాత కుప్ప నీళ్లది. ఆ తర్వాత జబ్బులది. లీజు కాగితం గురించి అడిగినవి మూడంటే మూడే చీటీలు. నాకు భయం వేసింది అక్కడే. వాన గురించి మూడు, కాగితం గురించి కుప్పెడు రావాల్సింది.

ఇంకొక్క చీటీ ఉంది. స్కూలు పిల్ల చేతిరాత, తల్లి చెప్తుంటే రాసినట్టుంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను, చివర్లో చదువుతాను.

ముందు వాన సంగతి. మనకు వాన తెచ్చేది నైరుతి రుతుపవనం. అరేబియా సముద్రం నుంచి, బంగాళాఖాతం అల్పపీడనాల నుంచి వస్తుంది. వందల మైళ్ల మీదుగా వచ్చే మబ్బును 250 ఎకరాల అద్దాలు ఆపలేవు. కృష్ణ దాటితే కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు దగ్గర, దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. అక్కడా వానలు పడుతూనే ఉన్నాయి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాలకు వాన తక్కువ అనేది మన తాతల నాటి నుంచి ఉన్న మాట. దానికి కారణం పడమటి కనుమల వాననీడ.

వేడి గురించి మాత్రం ఏమీ ఉండదని చెప్పను. 2016లో అమెరికాలోని అరిజోనాలో ఒక పరిశోధన చేశారు. ప్లాంటు మధ్యలో రాత్రిపూట గాలి, పక్కన ఖాళీగా ఉన్న ఎడారి నేల కంటే 3 నుంచి 4 డిగ్రీలు వెచ్చగా ఉందని తేలింది. అది ప్లాంటు లోపల మాట. బయటికొచ్చి కొంత దూరం పోతే ఆ తేడా తగ్గిపోతుంది. కాబట్టి 'వేడి ఊరికి వస్తుందా' అని అడగడం కన్నా 'ఫెన్సింగ్ మా ఇళ్లకు ఎన్ని గజాల దూరంలో వేస్తారు' అని అడగండి. ఫెన్సింగ్ వెంట వేప, కానుగ చెట్లు రెండు వరుసలు వేస్తారా అని అడగండి. ఇది రాయించుకోగలిగిన సంగతి.

ఇక్కడే ఒక మాట. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కితే దాని ఉత్పత్తి తగ్గుతుంది. డిగ్రీకి ఇంత అని లెక్క ఉంటుంది, దాదాపు 0.3 నుంచి 0.4 శాతం. అందుకే మన మే నెల ఎండల కంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మంచి కరెంటు వస్తుంది. మనల్ని కాల్చడం ఆ కంపెనీకి కూడా లాభం కాదు.

రేడియేషన్, క్యాన్సర్ అని రాసిన వాళ్లకు చెప్తున్నాను. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ కరెంటు, మీ ట్రాక్టర్ బ్యాటరీలో ఉన్నలాంటిదే. ఇన్వర్టర్ దాన్ని మన ఇంట్లో ఉండే ఏసీగా మారుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే గుయ్ మని శబ్దం ఉంటుంది. దాని చుట్టూ ఉండే విద్యుత్ అయస్కాంత ప్రభావం కొన్ని గజాల దూరంలోనే పోతుంది. నేను అలాంటి యార్డుల్లో 33 ఏళ్లు ఉన్నాను. కళ్లు పోతాయనే భయం కూడా అక్కర్లేదు. ప్యానెల్ అద్దం మీద వెలుతురు వెనక్కి కొట్టకుండా లోపలికి పోనిచ్చే పూత ఉంటుంది. కొచ్చిన్ విమానాశ్రయం 2015 నుంచి పూర్తిగా సోలార్ మీదే నడుస్తోంది, విమానాలు ఆ ప్యానెళ్ల పక్కనే దిగుతున్నాయి.

నీళ్ల దగ్గర కొంచెం ఆగుదాం. ఇది మన ప్రాణం కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. 50 మెగావాట్లకు ప్యానెళ్లు లక్షకు అటూఇటూగా ఉంటాయి. ఒక్కో ప్యానెల్ కడగడానికి రెండున్నర లీటర్లు అనుకోండి. ఒకసారి మొత్తం కడగడానికి రెండున్నర లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 50. నెలకు రెండుసార్లు కడిగితే ఏడాదికి 60 లక్షల లీటర్లు. వినడానికి గుండె గుభేల్ మంటుంది. కానీ యాసంగిలో ఒక్క ఎకరం వరి పండించడానికి దాదాపు 50 లక్షల లీటర్ల నీళ్లు పోతాయి. అంటే 250 ఎకరాల ప్లాంటు ఏడాదంతా తాగే నీళ్లు ఎకరం పైచిలుకు వరితో సమానం. ఆ నేల సాగులో ఉంటే ఇంకా ఎక్కువే తోడేవాళ్లం.

మరి ఏ భయమూ లేదా? ఉంది. వరి నీళ్లు 200 బోర్లలో పంచుకుని పోతాయి. ప్లాంటు నీళ్లు ఒకటో రెండో బోర్లలోంచి, అదీ ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము ఎక్కువైనప్పుడు పోతాయి. మనది రాతి నేల. ఒక పగులులోంచి ఒకడు ఎక్కువ తోడితే పక్కవాడి బోరు ఎండుతుంది, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కాబట్టి అడగాల్సింది 'ఎన్ని నీళ్లు' అని కాదు, 'ఎక్కడి నీళ్లు' అని. కొత్త బోరు వేస్తారా? నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకుంటారా? మన తాగునీటి బోరుకు ఎంత దూరంలో? బోరుకు మీటరు పెట్టి నెలనెలా పంచాయతీ బోర్డు మీద రాస్తారా? నీళ్లు లేకుండా బ్రష్‌లతో తుడిచే యంత్రాలు వచ్చాయి, అవి ఎందుకు పెట్టరు?

ఇంకొకటి. మన దగ్గర నీళ్లు ఉప్పు, ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు పేర్లు చెప్తే దేశమంతటికీ తెలుసు. అలాంటి నీళ్లతో కడిగితే ప్యానెల్ మీద తెల్ల మచ్చలు కడతాయి. అందుకని చాలా చోట్ల ఆర్వో ప్లాంటు పెట్టి నీళ్లు శుద్ధి చేసి కడుగుతారు. అప్పుడు మిగిలే వేస్టు నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లు ఎక్కడ వదులుతారు? ఒర్రెలో వదిలితే అది చెరువుకే పోతుంది. ఈ ప్రశ్న ఒక్క చీటీలో కూడా లేదు. రేపు కంపెనీ వాళ్లొచ్చినప్పుడు మొదటిగా ఇది అడగండి.

ఒర్రె అన్నాను కదా. నాకు అసలు దిగులు దాని గురించే. మీ పడమటి చెలకల మధ్యలోంచి ఒక ఒర్రె వచ్చి కుంటలో పడుతుంది, కుంట నిండితే అలుగు దూకి పెద్ద చెరువుకు పోతుంది. గొలుసుకట్టు. కాకతీయుల నాటి నుంచి తెలంగాణలో వ్యవసాయం ఈ గొలుసు మీద బతికింది. ప్లాంటు కట్టేటప్పుడు జేసీబీలు వచ్చి గట్లు తీసేస్తాయి, నేల చదును చేస్తాయి. పిచ్చి మొక్కలు, చెట్లు పీకేస్తాయి. వాన పడితే ప్యానెల్ అంచు నుంచి నీళ్లు ఒకే గీత మీద ధారగా కారి ఎర్రమట్టిని కోస్తాయి. ఆ మట్టి కుంటలో పూడిక అవుతుంది. లేదా ఒర్రెను మూసి పక్కకు తిప్పితే ఎవరో ఒకరి చేను మునుగుతుంది. కింద వరి మడులున్న వాళ్లకు లీజు డబ్బులు రావు, నష్టం మాత్రం వస్తుంది. ప్లాంటుకు భూమి ఇచ్చే వాళ్లు 60 మంది అయితే, ఒర్రె కింద బతికే వాళ్లు 200 మంది. ఈ 200 మంది సంతకం ఎవరూ అడగడం లేదు.

ఒర్రెను కదిలించకుండా, దాని రెండు వైపులా కొంత జాగా వదిలి ప్యానెళ్లు వేయవచ్చు. గట్లు ఉంచి, గడ్డి పెంచి వేయవచ్చు. కంపెనీకి కొన్ని ఎకరాలు తక్కువ పడతాయి, అంతే. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు సరిపోతాయి. 250 ఎకరాలంటే ఐదు చొప్పున అడుగుతున్నట్టు. నాలుగుకు దగ్గరగా సర్దుకుంటే కొంత జాగా మిగులుతుంది.

బండ్ల బాట సంగతీ ఇలాంటిదే. ఫెన్సింగ్ పడితే తండాకు పోయే బాట మూసుకుపోతుందా అని ఇద్దరు రాశారు. నక్షాలో ఉన్న బాటను ఎవరూ మూయకూడదు. కానీ మన బాటలు సగం నక్షాలో ఉండవు, అలవాటు మీద నడుస్తున్నవి. వాటిని ఇప్పుడే గుర్తించి ఒప్పందంలో రాయించాలి. ఫెన్సింగ్ పడితే అడవి పందులు కూడా పక్క చేలకు మళ్లుతాయి, అదీ మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు కాగితం.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న. పక్క మండలంలో 6 ఎకరాల చెలక. కొన్నేళ్ల కింద ఒక కంపెనీ పేరు చెప్పుకుని ఒక మధ్యవర్తి వచ్చాడు. కంపెనీ పేరు ఇక్కడ చెప్పను, అనవసరం. అన్న నాకు ఫోన్ చేసి అడిగాడు: తమ్మీ, నువ్వు కరెంటోనివి కదా, సోలార్‌కు భూమి ఇయ్యొచ్చా? నేను ఆఫీసులో ఏదో పనిలో ఉండి, సోలార్ మంచిదే అన్నా, ఇవ్వు అన్నాను. కాగితం ఏముందో చూపించు అనలేదు. అన్న నా మాట పట్టుకుని సంతకం పెట్టాడు. చేతికి 20 వేలు వచ్చాయి. కాగితం ఇంగ్లీషులో ఉంది. 14 పేజీలు. అందులో ఏముందంటే, మూడేళ్ల వరకు ఆ భూమి ఎవరికీ అమ్మకూడదు, లీజుకు ఇవ్వకూడదు, బోరు వేయకూడదు, తోట పెట్టకూడదు. కంపెనీ మాత్రం ఎప్పుడైనా వద్దనుకోవచ్చు. అద్దె మొదలయ్యేది ప్లాంటు నుంచి కరెంటు లైనుకెక్కిన రోజు నుంచి. ఆ ప్లాంటు రానేలేదు. అన్న ఆ మూడేళ్లు బత్తాయి మొక్కలు పెట్టలేకపోయాడు. బిడ్డ పెళ్లికి ఒక ఎకరం అమ్ముదామంటే కొనేవాడు ఈ కాగితం చూసి వెనక్కిపోయాడు. వడ్డీకి తెచ్చి పెళ్లి చేశాడు.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ బరువుగా ఉంది. అందుకే ఎవరు పిలిచినా ఇలా వచ్చి కూర్చుంటున్నాను.

కాబట్టి వినండి. ఏడాదికి మించిన ఏ లీజు అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి, అది చట్టం. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ చేసి '28 ఏళ్ల లీజు' అంటే ఒప్పుకోకండి. జీపీఏ అడిగితే అసలే ఇవ్వకండి. జీపీఏ అంటే మీ బదులు వాడు సంతకం పెట్టే హక్కు. ముసాయిదా తెలుగులో అడగండి. అడిగి తీసుకున్నాక పది రోజులు మీ దగ్గర ఉంచుకోండి. రేపే సంతకం పెట్టాలి, లేకపోతే పక్క ఊరికి పోతాం అనేవాడిని పోనివ్వండి.

అద్దె దగ్గర లెక్క చేయాలి. కర్ణాటకలో పావగడ సోలార్ పార్కు ఉంది, తుమకూరు జిల్లా. 2,050 మెగావాట్లు, 13 వేల ఎకరాలు, రైతుల దగ్గర కొనలేదు, లీజుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువు సీమ కదా, చాలామంది రైతులు సంతోషంగా ఇచ్చారు. భూమి అమ్ముకోకుండా చేతిలో పెట్టుకున్నారు, అది మంచి పని. కానీ 24 ఏళ్ల తర్వాత ఆ 21 వేలు ఎంత అవుతాయో చూడండి. 12 సార్లు పెంచితే దాదాపు 37,700. అదే ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే, ఈరోజు 21 వేలకు వచ్చే సామాను కొనడానికి అప్పుడు దాదాపు 67,700 కావాలి. 'రెండేళ్లకు 5 శాతం' అనే మాట చిన్నగా కనిపిస్తుంది. దాని మీదే మీ మనవడి బతుకు ఉంది. ఏడాదికి 5 శాతం అడగండి.

రైతు భరోసా పోతుందా అని అడిగిన చీటీ ఆ మూడింట్లో ఒకటి. రాసిన వాళ్లకు దండం పెట్టాలి. 2025 జనవరి నుంచి ఎకరాకు ఏడాదికి 12 వేలు, సాగుకు పనికొచ్చే భూమికి. నాలా కింద, అంటే వ్యవసాయేతర భూమిగా, మారిన దానికి రాదు. కాబట్టి కంపెనీ 30 వేలు ఇస్తానంటే అందులోంచి ఈ 12 వేలు తీసేసి చూసుకోండి. పాస్‌బుక్‌లో ఉన్న భూమి మొత్తం ఇచ్చేస్తే రైతు బీమా, పంట రుణం సంగతి ఏమవుతుందో వ్యవసాయ అధికారి దగ్గర, బ్యాంకులో కాగితం మీద రాయించుకోండి. అరెకరమైనా మీ పేరున సాగు భూమిగా ఉంచుకోండి అంటాను నేను. లీజు ముగిశాక భూమి మళ్లీ వ్యవసాయ భూమిగా మార్పించే ఖర్చు ఎవరిదో కూడా రాయించండి.

అసైన్డ్ పట్టా, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన భూమి పట్టా, ఉన్న వాళ్లు తండాలో చాలామంది ఉన్నారు, జాగ్రత్తగా వినండి. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకూడదు, లీజుకు కూడా ఇవ్వకూడదు. ఇస్తే ప్రభుత్వం వెనక్కి తీసుకునే వీలుంది. 'అవన్నీ మేం చూసుకుంటాం' అని ఎవరైనా అంటే, చూసుకునేది వాళ్లు, పోగొట్టుకునేది మీరు. అమ్రాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్లలో మీ చుట్టాలుంటే అక్కడ గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా కట్టడి చేసే 1/70 చట్టం వేరే ఉంది, వాళ్లకూ చెప్పండి.

కంపెనీ పేరు కూడా చూడండి. ఊళ్లోకి వచ్చేటప్పుడు పెద్ద పేరు చెప్తారు. కాగితం మీద ఉండేది ఈ ఒక్క ప్లాంటు కోసం పెట్టిన చిన్న కంపెనీ పేరు. అది మామూలే, తప్పేమీ కాదు. ఆ చిన్న కంపెనీని రేపు ఇంకొకరికి అమ్మేస్తారు. అప్పుడు కొన్నవాడు కూడా ఈ షరతులకు కట్టుబడాలని రాయించాలి. మాటల్లో ఇచ్చిన హామీలు, గుడి కట్టిస్తాం, బడికి గదులు కట్టిస్తాం, ఇవన్నీ పెద్ద కంపెనీవి. సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలనే చట్టం కూడా ఒక స్థాయికి మించిన లాభమో, టర్నోవరో, నికర విలువో ఉన్న కంపెనీలకే. ఈ చిన్న కంపెనీకి అది వర్తించకపోవచ్చు. కావాల్సింది లీజులోనే రాయించుకోండి.

25 ఏళ్ల తర్వాత ఏమిటి? ప్యానెల్ ఏడాదికి అర శాతం, ముప్పావు శాతం చొప్పున నీరసపడుతుంది. 25 ఏళ్లకు 80 శాతం దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత తీసేయాలి. దాని బరువులో ముప్పాతిక వంతు గాజే. అల్యూమినియం చట్రం ఉంటుంది, దానికి పాత సామాన్ల దుకాణంలో కూడా ధర ఉంది. టంకంలో కొంచెం సీసం ఉంటుంది. పగలకుండా ఉన్నంత కాలం అది బయటికి రాదు. పగిలినవి చేనులో పడేస్తేనే సమస్య. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను కూడా చేర్చారు. తయారీదారులదే బాధ్యత అన్నారు. బాగుంది. కానీ నేలలో దిగేసిన ఇనుప స్తంభాలు, కాంక్రీటు, కేబుళ్లు ఎవరు పీకుతారు? ఎకరాకు ఇంత చొప్పున ముందే బ్యాంకులో డిపాజిట్ పెట్టమనండి. చివర్లో కంపెనీ ఉండకపోవచ్చు, డిపాజిట్ ఉంటుంది.

(సభలోంచి ఒకరు: అట్లయితే మనమే పెట్టుకోరాదా?)

పెట్టుకోవచ్చు తమ్ముడూ. రైతులు సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం 2019లో వచ్చింది. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉన్న రైతులు, రైతు సంఘాలు, పంచాయతీలు కూడా అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల వరకు పెట్టుకోవచ్చు. ఆ కరెంటును డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ, కొంటుంది, 25 ఏళ్ల ఒప్పందం. మన రాష్ట్రంలో యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. ఒక మెగావాట్‌కు ఏడాదికి 16 లక్షల యూనిట్లు వచ్చాయనుకోండి, 50 లక్షలు. వినడానికి చాలా పెద్దది. కానీ పెట్టుబడి దాదాపు మూడున్నర నుంచి నాలుగు కోట్లు. అందులో 2 కోట్ల 80 లక్షలు అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీయే 28 లక్షల దాకా పోతుంది, అసలు వేరే. మొదటి పదేళ్లు చేతికి పెద్దగా రాదు. ఒంటరిగా దూకే పని కాదు. పదిమంది రైతులు, మహిళా సంఘాలు కలిస్తే ఆలోచించవచ్చు. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్లు పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది కూడా. నాకు ఆ పథకంలో నచ్చిన ముక్క ఒకటుంది: రైతు తన భూమిని ఎవరికైనా లీజుకిస్తే, ఆ అద్దెను డిస్కమే కంపెనీ బిల్లులోంచి తీసి నేరుగా రైతు ఖాతాలో నెలనెలా వేసే ఏర్పాటు. మీ 50 మెగావాట్ల ప్లాంటుకు ఆ పథకం వర్తించదు. అయినా అలాంటి షరతు ఒప్పందంలో పెట్టమని అడగడంలో తప్పు లేదు. కుసుమ్ దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో రెడ్కో ఆఫీసులో, అంటే సోలార్ లాంటి పథకాలు చూసే రాష్ట్ర సంస్థలో, కనుక్కోండి.

మనకు ఫ్రీ కరెంటు వస్తుందా అని చాలామంది రాశారు. రాదు. ఇక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి అందరికీ. నాగార్జునసాగర్ పక్కనే ఉండి మనం ఏం ఉచితంగా వాడుకున్నాం? దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఉంది, ఆ పక్క ఊళ్లకూ బిల్లు వస్తుంది. ఒకటి మాత్రం చెప్పాలి, బొగ్గు ప్లాంటుకు బూడిద ఉంటుంది, పొగ ఉంటుంది, దీనికి ఉండవు. నేను సోలార్‌ను ఇష్టపడేది అందుకే.

50 మెగావాట్లంటే 33 కేవీ స్తంభాలతో అయ్యే పని కాదు, 132 కేవీ టవర్ లైన్ వేయాల్సి రావచ్చు. ఆ టవర్లు భూమి ఇవ్వని వాళ్ల చేలల్లోంచి పోతాయి. 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో టవర్ కింద నేలకు భూమి విలువ రెండింతలు, తీగల కింది జాగాకు 30 శాతం పరిహారం అని ఉంది. మన దగ్గర దాన్ని ఎలా అమలు చేస్తారో కలెక్టర్ ఆఫీసులో అడగండి. మొదటి టవర్ గుంత తవ్వకముందే అడగండి.

ఇక ఆ చీటీ చదువుతాను. 'మాకు భూమి లేదు. పడమటి చెలకల్లో పత్తి ఏరుతం, కలుపు తీస్తం. మా ఆయన ఆ కంచెలో 40 గొర్రెలు మేపుతడు. ప్లాంటు వస్తే మాకేంది?'

అమ్మా, మీరు ఈ సభలో ఉంటే... ఉన్నారా? కూర్చోండి, లేవకండి. మీ ప్రశ్నకు నేను తియ్యగా జవాబు చెప్పలేను. ప్లాంటు కట్టే ఏడాది పని ఉంటుంది, గుంతలు, ఫెన్సింగ్, మోత పని. చాలా మటుకు బయటి నుంచి కాంట్రాక్టు వాళ్లు మనుషుల్ని తెస్తారు. కట్టాక 50 మెగావాట్లకు కాపలా, గడ్డి కోత, కడగడం అన్నీ కలిపినా 30 మందికి మించి పని ఉండదు. పావగడలో కూడా భూమి ఉన్న వాళ్లకు అద్దె వచ్చింది, లేని వాళ్లకు చేతి పని పోయింది. పాలమూరు నుంచి, మన దేవరకొండ నుంచి జనం ముంబైకి, పుణెకు ఎందుకు పోయారో మనకు తెలుసు. పని దొరకని ఊరు ఖాళీ అవుతుంది.

కాబట్టి ఇది భూమి ఇచ్చే 60 మంది, కంపెనీ కలిసి తేల్చుకునే విషయం కాకూడదు. గొర్రెల సంగతి తీసుకోండి. ప్యానెళ్ల కింద గడ్డి బాగా మొలుస్తుంది, నీడ, తేమ ఉంటాయి కదా. కంపెనీ దాన్ని కోయించాలి, లేకపోతే మందు కొట్టాలి. మందు కొడితే అది ఒర్రెలోకి వస్తుంది. గొర్రెలను మేపనిస్తే గడ్డి ఖర్చు కంపెనీకి తప్పుతుంది, మేత మనకు దొరుకుతుంది. వేరే దేశాల్లో గొర్రెల కాపరులకు ఎదురు డబ్బులిచ్చి మేపిస్తున్నారు. మేకలు పనికిరావు, అవి ప్యానెళ్ల మీదికి ఎక్కుతాయి, వైర్లు కొరుకుతాయి. గొర్రెలకు ఇబ్బంది లేదు, ప్యానెల్ అంచు నేలకు కొంచెం ఎత్తులో కట్టిస్తే చాలు, అది డిజైన్ అప్పుడే చెప్పాలి. ఈతచెట్లు గీసే గౌడన్నలు ఎన్ని చెట్లు పోతాయో ఈ వారమే లెక్క రాసుకోండి. కౌలుకు చేసే వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు, వాళ్ల పేర్లు కూడా రాయండి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు అంటున్నానంటే, బొగ్గు ప్లాంటుకో సిమెంటు ఫ్యాక్టరీకో అయితే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. 2003లో మన జిల్లా లంబాపురం, పెద్దగట్టులో యురేనియం గనుల మీద జనం గొంతు విప్పింది అలాంటి సభలోనే. సోలార్‌కు ఆ పర్యావరణ అనుమతి అవసరం లేదు, కాబట్టి ఆ సభ కూడా ఉండదు. కలెక్టర్ వచ్చి మైకు ఇచ్చి 'మీ అభిప్రాయం చెప్పండి' అనే రోజు రాదు. మనకున్నది గ్రామసభ ఒక్కటే. దాన్ని మనమే పెట్టించుకోవాలి, తీర్మానం పుస్తకంలో రాయించాలి, నకలు తీసుకోవాలి.

ఆదివారం పొద్దున 7 గంటలకు నేను మళ్లీ వస్తాను. యువజన సంఘం పిల్లలు తహసీల్ ఆఫీసు నుంచి గ్రామ నక్షా తెస్తామన్నారు. ఒర్రె పుట్టిన చోటు నుంచి కుంట అలుగు దాకా నడుద్దాం. బాటలు, చెట్లు, బోర్లు నక్షా మీద గుర్తు పెడదాం. ముసాయిదా కాగితం ఎవరి చేతికైనా ఇప్పటికే వచ్చి ఉంటే అది తెండి, చెట్టు కింద కూర్చుని పేజీ పేజీ తెలుగులో చదివి చెప్తాను. చీటీ రాయించిన అమ్మ, మీ ఆయన్ను కూడా తోలుకురండి. గొర్రెలు ఎక్కడ నీళ్లు తాగుతాయో ఆయనకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు.